నంబరు లేని రింగు

"ఇరవై, నాన్నా. పద్దెనిమిదీ కాదు, ఇరవై రెండూ కాదు," అంది కింగా.

సైకిలుని పెరట్లోని షెడ్డులో స్టాండుకి వేలాడదీశారు. చిన్న చక్రాలు, పొట్టి సీటు, వెడల్పాటి హ్యాండిల్. మట్టి దిబ్బల మీంచి గాల్లోకి ఎగరడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని సైకిలు అది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు మీద అరచెయ్యి వేసి కింగా నిలబడింది. బేకరీలో పొద్దుటి షిఫ్టు చేసి నేరుగా వచ్చింది. మోచేతి దాకా పిండి అంటుకుని ఉంది.

"ఇప్పుడిది వంద మిల్లీమీటర్లు లోపలికి నొక్కుకుంటోంది. ఎనభైకి తెచ్చెయ్. మాచెక్‌ది ఎనభయ్యే. నెల రోజుల్నుంచీ వాడి సైకిలు మీద చేస్తున్నానుగా, నా చేతులు దానికి అలవాటు పడిపోయాయి. హ్యాండిల్ కింద మాత్రం ఒక పది మిల్లీమీటర్ల రింగు వెయ్యి. మరీ వంగిపోకుండా."

"దేనికమ్మా అంత తొందర?"

"తొందరేముంది. ఆదివారం క్రిస్టోఫర్ పండగ. బళ్ళ దీవెన అవ్వగానే దిబ్బల మీద అందరూ దూకుతారు. నేనూ నాలుగోది దూకుతా."

మాట్లాడుతూనే ఎడమ చెయ్యి మెడ దగ్గరికి పోనిచ్చి, చొక్కా లోపల విరిగి అతికిన ఎముక మీద ఉన్న గట్టి గీతని వేలితో రాసుకుంది. తను అలా చేస్తున్నట్టు ఆమెకి తెలియదు. తండ్రి లుద్విక్‌కి తెలుసు. అక్టోబరులో తడి మట్టి మీద వెల్లకిలా పడి, కళ్ళు తెరిచే ఉండి, మీదకి వంగిన తండ్రిని చూడకుండా ఆకాశాన్ని చూస్తూ ఉండిపోయిన పిల్ల ఆమె. ఆ నాలుగో దిబ్బ దగ్గరే.

"సరే, పెట్టి వెళ్ళు," అన్నాడాయన.

ఆమె వెళ్ళాక తలుపు వేసుకుని పని మొదలుపెట్టాడు. ముందు చక్రం తీశాడు. ఫోర్కు ఎడమ కాలు మీది మూత విప్పి, వాల్వు నొక్కి గాలంతా వదిలాడు. అడుగున ఉన్న రెండు బోల్టులూ సగం దాకా తిప్పి, రబ్బరు సుత్తితో ఒక్కో దెబ్బ వేశాడు. కింది గొట్టాలు జారి చేతిలోకి వచ్చాయి. పాత నూనె పళ్ళెంలోకి నల్లగా కారింది. పైగొట్టం అడుగున బిగించి ఉన్న ఉక్కు వలయాన్ని పట్కారుతో నొక్కి తీసి, లోపలి కడ్డీని బయటికి లాగాడు. ఈ కడ్డీకి ఒక రింగు తొడిగితే కడ్డీ ఆ మేరకి బయటికి రాలేదు. రింగు ఎంత మందమో ఫోర్కు అంత పొట్టిదై, సైకిలు ముందు భాగం కిందికి దిగుతుంది. అంతే రహస్యం.

లేత్‌లో తెల్ల నైలాన్ కడ్డీ బిగించాడు. బట్టల మిల్లు మూతపడే దాకా ఇరవై తొమ్మిదేళ్ళు టర్నరుగా చేసిన చెయ్యి అది. మిల్లులో ఆయన చేసిన ప్రతి ముక్క మీదా, ఎంత చిన్నదైనా, ఉక్కు సూదితో దాని కొలత గీసేవాడు. ఎవరూ గీయమన్లేదు. తోటివాళ్ళు "లుద్విక్ ముక్కకి బాప్టిజం అయింది" అని నవ్వేవాళ్ళు. అలవాటు పోలేదు. ఇంట్లో అల్మారా గుబ్బల మీద కూడా నంబర్లున్నాయి.

ఇరవై దగ్గర కోత పనిముట్టు ఆన్చాడు. పొట్టు సన్నటి రిబ్బనులా జారి బూట్ల మీద చుట్టుకుంది. ఆయన చెయ్యి లేత్ చక్రం మీదే ఆగింది. ఇరవై అంటే ముందు భాగం బాగా దిగుతుంది. సైకిలు చురుగ్గా తిరుగుతుంది. అది మాచెక్ సైకిలులా అవుతుంది, పిల్ల నాలుగో దిబ్బ మీదికి వెళ్తుంది. ఇరవై కాకపోతే? సైకిలు కాస్త మొండిగా ఉంటుంది. చేతికి నప్పదు. "ఈ యేడు వద్దులే" అనుకుంటుంది. అంతేగా? ఎవరికేం నష్టం?

ఆయన చక్రాన్ని వెనక్కి తిప్పాడు. పది దగ్గర కోశాడు.

రింగు ఊడి అరచేతిలో పడింది. వెచ్చగా ఉంది. వెర్నియర్ కొలబద్దతో చూశాడు. సరిగ్గా పది. ఉక్కు సూది తీసుకుని రింగు మీద ఆనించాడు. ఏం గియ్యాలి? ఇరవై అని గీస్తే అబద్ధం. పది అని గీస్తే ఎప్పుడో ఒకప్పుడు విప్పి చూస్తుంది. సూది మొన కాసేపు అక్కడే ఉంది. తర్వాత దాన్ని గూట్లో పెట్టేశాడు. తన చేతుల్లోంచి గీత లేకుండా వెళ్తున్న మొదటి ముక్క అది.

హ్యాండిల్ కింద రింగు మాత్రం ఆమె అడిగినట్టే వేశాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం కింగా షెడ్డు ముందు సైకిలు నిలబెట్టి, టైరుకీ ఫోర్కు భుజానికీ మధ్య చెయ్యి చాపి కొలిచింది. ఆమెకి టేపు అక్కర్లేదు. బొటనవేలు టైరు మీద, చిటికెన వేలు పైన.

"నాన్నా, మాచెక్‌ది సరిగ్గా జానెడు. నాది జానెడు మీద వేలు వస్తోందేంటి?"

గుమ్మంలో రై పిండి పులుసులోకి గుడ్లు వలుస్తున్న కింగా తల్లి దనూత తలెత్తి చూసింది. లుద్విక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. తుడవడానికేం లేదు.

"కొత్తగా గాలి నింపాను కదమ్మా. రెండు మూడు సార్లు ఎక్కి దిగితే సర్దుకుంటుంది. అయినా చెయ్యి కొలతా ఒక కొలతేనా? వెర్నియర్‌తో చూశా."

అబద్ధం ఇంత నున్నగా వస్తుందని ఆయన అనుకోలేదు.

కింగా చెయ్యి వెనక్కి తీసుకుంది. తన వేళ్ళ వంక అనుమానంగా చూసుకుంది.

"నిజమేలే. పొద్దున్నించీ పిండి పిసికి చేతులు ఉబ్బినట్టున్నాయి." ఆయన భుజం మీద చిన్నగా కొట్టింది. "మిల్లు టర్నరుతో కొలతల గురించి వాదించేంత మొనగత్తెనా నేను!"

"సైకిలు ముచ్చట్లయితే రండి, చల్లారిపోతోంది," అంది దనూత. ఆమె ఒళ్ళో ప్రయాణికుల్ని కాచే పునీత క్రిస్టోఫర్ పతకం ఉంది. సీసానికి వెండి పూత, నీలం దారం. ఆదివారం దీవెనకి ముందు హ్యాండిల్‌కి కట్టాలని.

"అమ్మా, అంత బరువు కడితే ఎగరను, రాయిలా పడతాను."

"ఎగరొద్దనే కడుతున్నా."

ముగ్గురూ నవ్వారు. లుద్విక్ నవ్వు అందరికన్నా ముందు ఆగిపోయింది.

భోజనం ముందు జపం చెప్పే వంతు ఆయనది. మొదలుపెట్టి సగంలో మాట తడబడింది. దనూత అందించింది. ఆయన దేవుణ్ణి అడుగుదామనుకున్నది వేరు. పిల్లని కాపాడుకోవడం పాపమా ప్రభూ? అడగలేకపోయాడు. అడిగితే జవాబు వస్తుందేమో.

*

దిబ్బలు మిల్లు వెనక కొండవాలులో ఉన్నాయి. ఎర్ర బంకమట్టిని పారలతో పోగేసి, నీళ్ళు చల్లి, చదును చేసి మాచెక్, వాడి స్నేహితులు పదేళ్ళుగా కట్టుకున్నవి. ఒక దిబ్బ నుంచి ఎగిరి ఎదుటి దిబ్బ వాలు మీద దిగాలి. మధ్యలో గొయ్యి. నాలుగో గొయ్యి అన్నిటికన్నా వెడల్పు.

శనివారం లుద్విక్ వెళ్ళాడు. అక్టోబరు తర్వాత అటు వెళ్ళడం అదే మొదటిసారి. మాచెక్ పార పక్కన పెట్టి ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, ఇళ్ళకి పెంకులు కప్పే పని, చెవి దాకా ఎర్రగా కాలిన మొహం.

"రండి రండి బాబాయ్! దూకుతారా? నా హెల్మెట్ ఇస్తా. పెద్దది, మీ బట్టతల మొత్తం పడుతుంది."

"ముందు నీ పొట్ట ఎగిరాక చూద్దాంలే."

కింగా పైనుంచి వదిలింది. మొదటి దిబ్బ బాగానే ఎగిరింది. చక్రాలు నేల వదిలినప్పుడు చప్పుడు ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో లుద్విక్ ఊపిరి బిగబట్టాడు. చక్రాలు మళ్ళీ మట్టి మీద పడ్డాక వదిలాడు. రెండోది. ఆమె ఎప్పట్లాగే హ్యాండిల్‌ని తన వైపు లాగింది, కానీ ముందు చక్రం అనుకున్నదానికన్నా ఎక్కువ లేచింది. సైకిలు గాల్లో వెనక్కి వాలింది. వెనక చక్రం మీద దభీమని దిగి, పక్కకి ఊగి, ఒక కాలు నేలకి ఈడ్చుకుంటూ ఆగింది.

మళ్ళీ పైకి తోసుకెళ్ళింది. మళ్ళీ అదే. మూడోసారి సైకిలుని గాల్లోనే వదిలేసి, తను పాదాల మీద దూకి, మోకాళ్ళ మీద పడింది.

లుద్విక్ లేచి నిలబడ్డాడు. ఆమె వైపు నడిచాడు.

"ఏమైందే? నా దాని మీద పక్షిలా ఎగిరావు, నీ దాని మీద బస్తాలా పడుతున్నావు!" అరిచాడు మాచెక్. దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "ఫోర్కు ఎనభయ్యేనా?"

"ఎనభయ్యే. నాన్న చేశాడు." మోకాళ్ళు దులుపుకుంటూ అంది. "సైకిలుకేం లేదు. నాకే. భుజం విరిగినప్పట్నుంచీ లోపల ఏదో బిగుసుకుపోయింది. దిబ్బ అంచు దగ్గరికి రాగానే భయంతో గుంజేస్తున్నా కాబోలు."

"నువ్వా? భయమా?"

"చూశావుగా."

మాచెక్ తల గోక్కున్నాడు. "కొండవతల ఊళ్ళో ఒకడుండేవాడు. హ్యాండిల్ ఎత్తు మార్చింది తమ్ముడు, వీడికి చెప్పలేదు. ఒంటికి ఒక కొలత తెలుసు, చేతికి ఇంకోటి ఇచ్చారు. వీపు మీద దిగాడు. ఇప్పటికీ కర్రతోనే నడుస్తున్నాడు. అందుకని అడిగా. మీ నాన్న చేశాడంటే ఇంక మాటేముంది."

"నేను చెప్తున్నానుగా, నాదే." హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రేపు రెండూ మూడూ చూసుకోను. నేరుగా నాలుగోదానికే గట్టిగా వదిలేస్తా. భయం పోవాలంటే అదొక్కటే మందు."

వాళ్ళ వెనక నిలబడి లుద్విక్ ఇదంతా విన్నాడు. మొండిగా ఉండే సైకిలు పిల్లని ఇంట్లో కూర్చోబెడుతుందనుకున్నాడు. అది పిల్లని ఆ గొయ్యిలోకి తోస్తోంది. నోరు తెరిచాడు. మాచెక్ తన వైపే చూస్తున్నాడు. ఆ చూపులో ఎప్పుడూ ఉండే గౌరవం ఉంది. లుద్విక్ నోరు మూసుకున్నాడు.

అక్కడినుంచి గుడికి వెళ్ళాడు. శనివారం సాయంత్రాలు ఫాదర్ ఇగ్నాసి పాపసంకీర్తనం వింటారు. ముందు ఇద్దరు ముసలమ్మలున్నారు. వాళ్ళకి అంత సేపు చెప్పడానికేం ఉంటుందో లుద్విక్‌కి అర్థం కాలేదు. తన వంతు వచ్చాక జాలీ ముందు మోకరించి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "తప్పుడు కొలత ఇచ్చాను ఫాదర్," అన్నాడు.

"ఎంత?"

"పది మిల్లీమీటర్లు."

అవతల ఫాదర్ జాలీ దగ్గరికి జరిగారు. "చెప్పండి."

చెప్పాడు. చెప్పడం అయ్యాక తనే అడిగాడు. "భయంతో చేశాను ఫాదర్. భయపడ్డం తప్పా? బిడ్డ తండ్రికి భయం ఇచ్చింది ఆయనేగా?"

"భయం ఆయనిచ్చిందేనేమో. దాన్ని ఆ అమ్మాయి సైకిల్లో దాచమన్నది మాత్రం ఆయన కాదు." ఫాదర్ దగ్గారు. "ఇప్పుడామె ఏమనుకుంటోంది?"

"తను పిరికిదాన్నయ్యానని అనుకుంటోంది."

"మీ భయాన్ని తనది అనుకుని మోస్తోందన్నమాట. దేవుడి క్షమ అడిగారు, దొరుకుతుంది. ఆ పది మిల్లీమీటర్లు మాత్రం నావి కావు లుద్విక్ గారూ. ఎవరివో వాళ్ళకి తిరిగిచ్చెయ్యండి."

ఇంటికొచ్చేసరికి కింగా లేదు. దిబ్బలకి నీళ్ళు చల్లడానికి మాచెక్ వాళ్ళతో ఉండిపోయిందట. లుద్విక్ షెడ్డులోకి వెళ్ళి లేత్ ఆన్ చేశాడు. ఈసారి చెయ్యి ఆగలేదు. ఇరవై. సూదితో గీశాడు. రెండు అంకెలూ లోతుగా పడ్డాయి. కింగా వచ్చినప్పుడు ఆయన బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. ఆమె రొట్టె తుంచి నిలబడే తింది, "పడుకుంటా నాన్నా, రేపు పొద్దున్నే లేవాలి," అంది. ఆయన "సరేనమ్మా" అన్నాడు. ఇరవై రింగు జేబులోనే ఉంది.

*

పూజ అయ్యాక గుడి ముందు బళ్ళు వరుసలో నిలబెట్టారు. కార్లు, రెండు ట్రాక్టర్లు, ఫైరింజను, తీసుకురావడానికి వీలైన ప్రతి సైకిలూ. ఫాదర్ ఇగ్నాసి పవిత్ర జలం బిందెలో కుంచె ముంచి చల్లుకుంటూ వస్తున్నారు. చినుకులు పడ్డ అద్దాలు ఎండకి మెరుస్తున్నాయి. వరుస చివరికి కాస్త ముందు కింగా తన సైకిలు పట్టుకుని నిలబడింది. హ్యాండిల్‌కి నీలం దారం, పతకం. పెదాలు తెల్లగా ఉన్నాయి. ఎవరు పలకరించినా తల ఊపుతోంది, అంతే.

లుద్విక్ పక్కనే ఉన్నాడు. ఫాదర్ ఫైరింజను దాటారు. ట్రాక్టరు దాటారు. కుంచె నీళ్ళలో మునిగి, పైకి లేచింది.

లుద్విక్ ముందుకొచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

"ఆగండి ఫాదర్. ఇది ఇంకా పూర్తవలేదు."

కుంచె లోంచి నాలుగు చుక్కలు ఆయన బూట్ల మీద పడ్డాయి. ఫాదర్ తల ఊపి, పక్క ఇంటావిడ బండి వైపు తిరిగారు.

"ఏంటి నాన్నా? ఏం పూర్తవలేదు?"

"ఎనభై కాదమ్మా. తొంభై." "నువ్వు ఇరవై అడిగావు, నేను పదే పెట్టాను. కావాలనే. నువ్వు చేత్తో కొలిచింది సరిగ్గా కొలిచావు. నేనే అబద్ధమాడాను."

కింగా ఆయన వంక చూసింది. తర్వాత టైరు వంక, ఫోర్కు వంక చూసింది. చెయ్యి చాపి కొలిచింది. జానెడు, మీద వేలు. ఆ వేలుని అక్కడే ఉంచింది.

"అంటే నిన్న..." ఆగింది. "నిన్న అది నా భయం కాదా?"

"కాదమ్మా. నాది."

ఆమె మొహంలోకి రంగు వచ్చింది. ముందు కోపం వచ్చిందనుకున్నాడు. కోపం ఆ తర్వాత వచ్చింది.

"నా చేతుల్ని నేనే నమ్మకుండా చేశావు! నిన్నంతా నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో తెలుసా నీకు? పిరికిదాన్ని, పనికిరానిదాన్ని అని..." చుట్టూ జనం చూస్తున్నారని గమనించి గొంతు తగ్గించింది. "అమ్మకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. ఫాదర్‌కి చెప్పుకున్నా."

"నాకన్నా ముందు దేవుడికి చెప్పావన్నమాట." సైకిలు తిప్పింది. "పద. ఇప్పుడే విప్పు. నేను చూస్తుంటాను."

దిబ్బల దగ్గర మాచెక్ పనిముట్ల బల్ల మీద పాత వార్తాపత్రికలు పరిచాడు. ఏమైందని అడగబోయి, ఇద్దరి మొహాలూ చూసి, నీళ్ళ బక్కెట్టు తీసుకుని అవతలికి పోయాడు. లుద్విక్ మొన్నటి పనంతా మళ్ళీ చేశాడు. గాలి వదిలాడు, బోల్టులు, సుత్తి దెబ్బ, నూనె, ఉక్కు వలయం. కడ్డీ బయటికి రాగానే కింగా దాని మీంచి తెల్ల రింగు తనే తీసింది. వేళ్ళ మధ్య తిప్పి చూసింది. ఒకవైపు, రెండోవైపు.

"నంబరు లేదు," అంది.

లుద్విక్ తల దించుకున్నాడు.

"అల్మారా గుబ్బలకి కూడా నంబర్లు వేసే మనిషివి. దీన్నొక్కసారి విప్పి ఉంటే నాకు అప్పుడే తెలిసిపోయేది." రింగుని జేబులో వేసుకుంది. "కొత్తదేది?"

ఇచ్చాడు. ఆమె ఇరవై అన్న అంకెల మీద గోటితో రాసి, తనే కడ్డీకి తొడిగింది. నూనె పోసి, బోల్టులు బిగించి, పంపుతో గాలి నింపేటప్పుడు గేజీ ముల్లుని ఇద్దరూ చూశారు. చక్రం ఎక్కించాక టైరు మీద చెయ్యి చాపింది. జానెడు. మళ్ళీ కొలిచింది. జానెడే.

హ్యాండిల్ కొంచెం పక్కకి తిరిగి ఉంది. లుద్విక్ ఎల్ కీ అందుకోబోతే ఆమె ముందుగా తీసుకుంది. "నువ్వు చక్రం పట్టుకో." ఆయన ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి నిలబడ్డాడు. ఆమె ఎదురుగా నిలబడి, ఒక కన్ను మూసి, హ్యాండిల్‌ని చక్రానికి సూటిగా తెచ్చి, రెండు బోల్టుల్నీ ఒకదాని తర్వాత ఒకటి కాస్త కాస్తగా బిగించింది. ఇన్నేళ్ళూ అది ఆయన నిలబడే చోటు. ఈసారి తను చక్రం పట్టుకునేవాడు మాత్రమే.

ఆమె పైకి వెళ్ళింది. లుద్విక్ నాలుగో గొయ్యి పక్కన నిలబడ్డాడు. జేబులో జపమాల పూసల్ని పట్టుకున్నాడు కానీ లెక్క సాగలేదు.

మొదటిది. నిశ్శబ్దం, చప్పుడు. రెండోది. సైకిలు గాల్లో సమంగా నిలిచింది, రెండు చక్రాలూ ఒకేసారి వాలు మీద దిగాయి. మాచెక్ ఈల వేశాడు. మూడోది. ఆమె హెల్మెట్ లోంచి చిన్న నవ్వు కూడా వినబడింది. నాలుగోది దగ్గరపడింది. ఇప్పుడు ఏ తప్పూ లేదు. ఏ అడ్డూ లేదు. తను చేసిందంతా సరిగ్గా చేశాడు. అందుకే ఆయనకి ఎన్నడూ లేనంత భయం వేసింది.

దిబ్బ మొదట్లో ఆమె హ్యాండిల్ తిప్పింది. పక్క బాటలోకి దిగి, మెల్లగా చుట్టు తిరిగి ఆయన దగ్గరికొచ్చి ఆగింది.

"ఏమైందమ్మా? ఇంకా తేడాగా ఉందా?"

"సైకిలు అద్భుతంగా ఉంది." హెల్మెట్ తీసింది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. "భయమేసింది నాన్నా. ఇప్పుడు వేసింది నాదే. నాదని తెలుస్తోంది, అందుకే విన్నా. వచ్చే ఆదివారం దూకుతా."

ఆయన తల ఊపాడు. వచ్చే ఆదివారానికి ఏడు రోజులు. ఒక్కో రోజూ ఆయన లెక్కపెట్టుకుంటూ గడపాలి.

"ఫాదర్ ఇంకా గుళ్ళోనే ఉంటారు," అన్నాడు. "నీళ్ళు చల్లించుకుందామా?"

"ఉండు."

కింగా జేబులోంచి తెల్ల రింగు తీసి బల్ల మీద పెట్టింది. మాచెక్ పనిముట్లలో వెతికి ఒక మేకు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"గియ్యి."

లుద్విక్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. రింగుని బొటనవేలి కింద కదలకుండా నొక్కి పట్టుకుని, మేకు మొన ఆనించాడు. మెత్తటి నైలాన్ మీద మొదట నిలువు గీత పడింది. దాని పక్కన సున్నా. సున్నా సరిగ్గా మూసుకోలేదు. కింగా వంగి చూసింది, వేలితో తడిమింది.

"పది," అంది. "ఇప్పుడు పద."